కంపెనీ బొగ్గు

కిందటి వారం మిమ్మల్ని మా గుమ్మంలో నిలబెట్టి వదిలేశాను. మా ఆయన చొక్కా గుండీలు విప్పుకుంటూ, ఎంతో మామూలు సంగతిలా, "నీ మిషన్‌కి బేరం కుదిరింది. రేపు మధ్యాహ్నం ఆసామి వచ్చి పట్టుకెళ్తాడు, కాస్త నూనె తుడిచి ఉంచు" అన్న చోట. అవునండీ, నా కుట్టుమిషన్‌కే.

కొత్తగా చదవడం మొదలుపెట్టినవాళ్ళ కోసం జరిగింది చెప్తాను. మా పిచ్చుకకి, అంటే మా అమ్మాయికి, ఈ వానలు పట్టుకున్నప్పటి నుంచీ దగ్గు. పక్కమీద వాలితే చాలు, ఛాతీలో పిల్లికూతలు మొదలవుతాయి. డొక్కలెగరేస్తూ లేచి కూచుంటుంది. పిల్లల డాక్టరమ్మ గొట్టం పెట్టి విని, "ఇంట్లోనే ఏదో దీనికి పడటం లేదమ్మా. దుమ్మో, పొగో, మరోటో. అదేంటో పట్టుకుని తీసెయ్యండి. ఇలాగే సాగితే ఆస్పత్రిలో చేర్చాల్సి వస్తుంది" అంది. ఇంటికొచ్చాక అందరి కళ్ళూ తిరిగి తిరిగి నా మిషన్ మీద వాలాయి. గుడ్డపీచట! నేను గుడ్డలు కత్తిరిస్తే లేచే పీచు పిల్ల ఊపిరితిత్తుల్లోకి పోతోందట!

నాకు ఒళ్ళు మండిపోయింది. పెళ్ళికి ముందు నుంచీ కుడుతున్నాను నేను. ఈ పిల్ల పుట్టాక, ఒళ్ళో వేసుకుని, ఒక కాలితో మిషన్ తొక్కుతూనే నిద్రపుచ్చాను. అప్పుడు పడిన పీచు ఇప్పుడెందుకు పడకుండా పోయింది? అడిగితే జవాబు చెప్పేవాళ్ళు లేరు. మిషన్‌ని వెనక వరండాలోకి ఈడ్చారు, దగ్గు తగ్గలేదు. గుడ్డముక్కల మూటలన్నీ అటకెక్కించారు, దగ్గు తగ్గలేదు. అయినా నేరం మిషన్‌దేనని తీర్పు అయిపోయింది. ఇక దాన్ని ఇంట్లోంచే గెంటేస్తే పోలా అని మా ఆయన తేల్చేశాడు.

ఈ తీర్పు చెప్పిన పెద్దమనిషి అదే రోజుల్లో పెరట్లో ఏం చేస్తున్నాడో కూడా చెప్పాను మీకు. ఆయన ఊరంతా తిరిగి పార్సిళ్ళు చేరవేస్తాడు. మోటారుసైకిలే ఆయన ఉద్యోగం. ఆయనతో పాటే పనిచేసే స్నేహితుడొకడు ఉన్నాడు, అందరూ స్పీడు అంటారు. ఫోన్లో వీడియోలు చూసి మెకానిక్ అయిపోయాడు మహానుభావుడు. పొగలో విషం తగ్గించడానికి కంపెనీ బిగించిన సామానంతా పీకేస్తే బండి గాల్లో తేలుతుందని, పెట్రోలు కూడా తక్కువ తాగుతుందని మా ఆయన చెవిలో జోరీగలా పోరాడు. వానలు మొదలైన కొత్తలోనే మా బండికి ఆ వైద్యం జరిగిపోయింది. ఇక మిషన్ కోసం ఆసామి రావాల్సిన రోజున స్పీడు సొంత బండి వంతు.

మధ్యాహ్నం వాన తెరిపిచ్చింది. పిచ్చుక అన్నం తిని లోపల పడుకుంది. నేను వరండాలో మిషన్ ముందు కూచున్నాను. నూనె తుడవడానికి కాదు, నా మొహం, దాన్ని అప్పగించడానికి చేతులాడక కూచున్నాను. ఎదురుగా పెరట్లో గోనెపట్టా పరిచి, దానిమీద బండి లోపలి సామానంతా పేర్చుకుంటూ వాళ్ళిద్దరూ ఒకటే సంబరం. సైలెన్సర్ కోసి అందులోంచి జల్లెడలాంటి దిమ్మ ఒకటి లాగారు. తర్వాత బండి స్టార్ట్ చేసి కోడి మెడ తిప్పినట్టు యాక్సిలరేటర్ తిప్పాడు స్పీడు. గోడలదిరేలా మోత, పెరడంతా పొగ. పక్కవాటాలో కిటికీ రెక్కలు ధడేలుమని మూసుకున్నాయి.

ఆ వాటాలో ఉండేది పచ్చి బాలింత. భర్త వేరే ఊళ్ళో పనిచేస్తాడు, వారానికోసారి వస్తాడు. మొన్న పంపు దగ్గర కలిసినప్పుడు, "అక్కా, మీ బండ్ల పొగకి కిటికీ తెరిచే యోగం లేకుండా పోయింది, గది అంతా ఉక్కపోత, చెమ్మ" అని నిష్ఠూరమాడింది. నాకు తల కొట్టేసినట్టయింది. ఆయనకి చెప్తే, "పొగరాని బండి ఎక్కడైనా ఉంటుందా?" అన్నాడు.

"వదినా, ఇలా చూడు!" స్పీడు ఒక నల్లడబ్బా పైకెత్తి చూపించాడు, ఏదో వేటాడి తెచ్చినట్టు. "ఇదేంటో తెలుసా? దీన్నిండా బొగ్గే. ట్యాంకులో పెట్రోలు ఆవిరై లేస్తుంది కదా, అది బయటికి పోకుండా ఈ బొగ్గు తాగేస్తుంది. మనకెందుకీ దండగ బరువు?"

"అది పీకేస్తే ఆవిరి ఎక్కడికి పోతుంది?"

"ఎక్కడికి పోతుంది, గాల్లోకి!"

"ఆ గాలి ఎవరు పీలుస్తారు మరి?"

వాడు పకపకా నవ్వాడు. "గాలిక్కూడా వాటాలేస్తావేంటి వదినా!"

వంటింటి కిటికీలోంచి మా అత్తయ్య గొంతు వినిపించింది. "ఒరేయ్, ఆ డబ్బాలో బొగ్గు పారబొయ్యకండిరా. నాకు పనుంది."

"అలాగేనమ్మా," అన్నాడు మా ఆయన తలెత్తకుండానే. ఆవిడ పాత సబ్బుముక్కలు కూడా దాచుకునే మనిషి. నేనూ పట్టించుకోలేదు.

స్పీడు నవ్వు నా చెవుల్లోనే ఉంది. లేచి పెరట్లోకి దిగాను.

"ఏమండీ, మీకో మాట. నా గుడ్డపీచు పిల్లకి పడటం లేదని మిషన్ అమ్మేస్తున్నారు. బాగుంది. మరి ఈ పొగ? విషం పట్టే జల్లెడ మీ చేత్తో మీరే పీకి, పెరట్లోనే ఊదుతున్నారే, ఇది పిల్లకి పడుతోందా? ఇదేమన్నా సాంబ్రాణి అనుకున్నారా?"

"మళ్ళీ మొదలెట్టావా?" ఆయన స్పానరు కింద పెట్టాడు. "ఇది పెరడు. బండి ఉండేది ఇక్కడ. పిల్ల దగ్గేది ఎక్కడ? లోపల, గదిలో, మంచం మీద. పెరట్లో ఆడుకునేటప్పుడు ఎప్పుడైనా దగ్గిందా? నువ్వే చెప్పు."

ఆ మాట నిజమే. పెరట్లో గంతులేసేటప్పుడు దగ్గదు. బడిలో దగ్గదు. పక్కమీద వాలితేనే.

"చూశావా? మరి బండి తప్పెలా అవుతుంది? లోపలున్నది నీ మిషనే కదా!"

"మిషన్ వరండాలోకొచ్చి ఎన్నాళ్ళయింది?"

"పీచు మంచాలకీ గోడలకీ పట్టేసి ఉంటుంది. కొన్నాళ్ళాగితే అదే పోతుంది. అసలు నీకు పిల్లకంటే మిషనే ఎక్కువైపోయింది, అదీ సంగతి."

చూడండి ఆ మాట! రాత్రుళ్ళు పిల్లని భుజాన వేసుకుని గదంతా తిరిగేది నేను. ఆవిరి పట్టేది నేను, మందు తాగించేది నేను, డాక్టరమ్మ దగ్గర చీవాట్లు తినేది నేను. ఈయన అటు తిరిగి పడుకుని, పొద్దున లేచి, "రాత్రి కాస్త నయంగా ఉన్నట్టుందే" అనే రకం. అలాంటి మనిషి నోటివెంట ఆ మాట వచ్చేసరికి నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఏడిస్తే ఓడిపోయానంటారని గుడ్లు మిటకరించి అలాగే నిలబడ్డాను.

అప్పుడే లోపల దగ్గు మొదలైంది. ఒకటి, వెంటనే మరోటి, ఆ తర్వాత ఊపిరి అందని ఆ కూత. నేను పరిగెత్తేలోపే పిచ్చుక తనే లేచి, కళ్ళు నులుముకుంటూ వరండా మెట్టు మీదికొచ్చి కూలబడింది. వీపు రాస్తూ పక్కన కూచున్నాను. కాసేపటికి కూత తగ్గింది. అదిగో, అదీ చిత్రం. పొగ ఇంకా పూర్తిగా పోని పెరట్లో కూచుంటే పిల్లకి ఊపిరాడుతోంది, తలుపులు మూసిన గదిలో ఆడటం లేదు. మా ఆయన నావైపు 'చూశావా' అన్నట్టు చూశాడు. ఆ చూపుకి ఆయన్ని ఏం చేసినా పాపం లేదనిపించింది.

పిచ్చుక తేరుకుని గోనెపట్టా దగ్గరికెళ్ళింది. దానికి ఏది దొరికినా ముందు వాసన చూసే అలవాటు. పుస్తకం కొంటే వాసన చూస్తుంది, నేను కొత్త గుడ్డ కత్తిరిస్తే వాసన చూస్తుంది. అలాగే ఆ నల్లడబ్బా తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది.

"అమ్మా, ఇది నా దిండు వాసనొస్తోంది."

స్పీడు నవ్వాడు. "దిండేంటి పిచ్చుకా, అది పెట్రోలు వాసన!"

"ఊఁ. నా దిండు కూడా ఇదే వాసన."

"నేనే ఎప్పుడో ఈ చేతులతో పక్క సర్దుంటాను," అన్నాడు మా ఆయన. ఆయన పక్క సర్దడం ఈ ఇంటి గోడలు కూడా ఎరగవు.

నేను ఇంకేం వినలేదు. లోపలికి పరిగెత్తాను.

మా ఇంట్లో పెట్రోలు వాసన కొత్త కాదండీ. ఆయన చొక్కాకీ, తువ్వాలుకీ, చేతులకీ అదే. ముక్కులకి అలవాటైపోయి ఎవరికీ తెలియడం మానేసింది. వాన జల్లుకని గది కిటికీ రెండు రెక్కలూ మూసే ఉన్నాయి. పిల్ల దిండు ఎత్తి ముక్కుకి ఆనించుకున్నాను. ముందు సబ్బు వాసన, తల నూనె వాసన. రెండు చేతులతో గట్టిగా అదిమాను. లోపల్నించి గుప్పుమని తన్నుకొచ్చింది. తల దిమ్మెక్కింది నాకు.

కుట్టు విప్పడం నాకొకరు నేర్పక్కర్లేదు. కత్తెర మొన పెట్టి ఒక్క లాగు లాగాను. దూది మధ్యలో చిన్న సంచి. నీలం గళ్ళ గుడ్డ, బడి పిల్లల యూనిఫారాలు కుట్టగా మిగిలిన నా ముక్కే. కుట్టు మాత్రం నాది కాదు. ఎడం ఎడంగా చేతికుట్టు. కళ్ళు ఆననివాళ్ళు తడుముకుంటూ వేసే కుట్టు. కత్తిరించి దులిపితే దుప్పటి మీద జలజలా రాలాయి నల్లటి పలుకులు.

"అయ్యో, దాన్నెందుకు చింపావమ్మాయ్?" అత్తయ్య గుమ్మంలో ఉంది, తడి చేతులు కొంగుకి తుడుచుకుంటూ. "చెమ్మకని పెట్టాను కదా!"

"ఏంటిది అత్తయ్యా?"

"బొగ్గే. గోడలన్నీ ఊటెక్కిపోయి పిల్ల దిండు చెమ్మ వాసనేస్తోందని, ఓ సంచి కుట్టి లోపల పెట్టాను. బొగ్గు చెమ్మనీ వాసననీ లాగేస్తుంది కదా."

"ఎక్కడిది ఈ బొగ్గు?"

"మీ ఆయన బండి డబ్బాలోది. కోసి చూసి పారబోస్తుంటే నేనే ఎత్తిపెట్టుకున్నాను. రెండ్రోజులు ఫ్యాను కింద ఆరబెట్టానులే. బంగారంలాంటి బొగ్గు, పొయ్యి బొగ్గులా మసి కూడా అంటదు."

నా వెనక, పెరటి గుమ్మంలో, ఆయన వచ్చి నిలబడ్డాడని చెప్పుల చప్పుడు చెప్పింది. తిరిగి చూశాను. దుప్పటి మీద పలుకులు చూసి ఆయన మొహం పాలిపోయింది. అంటే తెలుసన్నమాట అది ఏం తాగిన బొగ్గో.

"మీరు చెప్పలేదా ఆవిడకి?"

"ఏం చెప్పాలి? అమ్మ దిండులో పెడుతుందని నేను కలగన్నానా?"

"అదేంట్రా అలా అంటావు?" అత్తయ్య తెల్లబోయింది. "నువ్వే కదా అన్నావు, 'ఇది మామూలు బొగ్గు కాదమ్మా, కంపెనీ బొగ్గు, ఎంత వాసనైనా తాగేస్తుంది' అని! పిల్ల దిండుకి పనికొస్తుందా అని కూడా అడిగాను. ఫోన్ చూసుకుంటూ 'ఊఁ' అన్నావు."

నాకు ఏం చెయ్యాలో తెలియలేదు. కోపం అనే మాట చాలదు దానికి. సంచిలో ఇంకా సగం పలుకులు మిగిలే ఉన్నాయి. వెళ్ళి ఆయన ముక్కుకి ఆనించి పట్టుకున్నాను.

"పీల్చండి."

"ఏంటిది, పిచ్చెక్కిందా నీకు?"

"రాత్రంతా వద్దు. కాసేపు చాలు. మీ కూతురు మొహం దీనిమీద పెట్టుకుని పడుకుంది. వెచ్చటి తల కింద ఇది రాత్రంతా కక్కుతూ ఉంటే, అదంతా పీల్చింది. మీరు కాసేపు పీల్చలేరా?"

రెండు పీల్పులకే మొహం తిప్పేసుకున్నాడు. కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. ఘాటుకో, మరి దేనికో నాకు అక్కర్లేదు.

"నా గుడ్డపీచుని దొంగని చేశారు. నా మిషన్‌ని వీధిలో పెట్టారు. పిల్లకంటే మిషనే ఎక్కువన్నారు. ఆ నోటితోనే 'ఊఁ' అనే ఒక్క అక్షరంతో విషం తెచ్చి పిల్ల తల కింద పెట్టించారు. అదీ అమ్మ చేత! ఆవిడ మనవరాలి మీద ప్రేమతో కళ్ళు పొడుచుకుని కుట్టిందండీ ఆ సంచి!"

అత్తయ్య గోడ పట్టుకుని అలాగే జారి కూచుండిపోయింది. "నా చేత్తో పెట్టానా తల్లీ?" అంది. ఆవిడ మీద నాకు కోపం రాలేదు. వస్తే బాగుండేది, కాస్త కోపం అటు పంచేదాన్ని.

బయట ట్రాలీ ఆటో హారన్ మోగింది. "అమ్మా, మిషన్ ఎక్కడుందండీ?" ఆసామి నేరుగా వీధి అరుగు మీదికే వచ్చేశాడు, తాడు భుజాన వేసుకుని.

నేను గుమ్మంలోకెళ్ళాను. "మిషన్ లేదు. పెరట్లో రెండు మోటారుసైకిళ్ళున్నాయి. కావాలంటే అవి కట్టుకెళ్ళండి."

ఆయన అయోమయంగా నావైపూ మా ఆయన వైపూ చూశాడు. స్పీడు అప్పటికే స్పానర్లు సంచీలో వేసుకుని గోడవారగా జారుకుంటున్నాడు. మా ఆయన, "మిషన్ అమ్మట్లేదండీ, వెళ్ళండి," అన్నాడు. తర్వాత నాతో, మెల్లగా, "లోపలికి తెచ్చి పెడతాను" అన్నాడు.

దాంతో నేను కరిగిపోయాననుకుంటున్నారేమో. ఆ ముచ్చట తర్వాత. అప్పటికి మాత్రం పిచ్చుకని ఒళ్ళోకి లాక్కుని, ఛాతీ మీద చెవి పెట్టి, కూత లేదని రూఢి చేసుకుని, చాలా రోజుల తర్వాత నేనే గట్టిగా ఊపిరి పీల్చుకున్నాను. దొరికింది. డాక్టరమ్మ పట్టుకోమన్నది దొరికింది.

దుప్పటి మడిచి పలుకులన్నీ మూటకడుతుంటే, అవి చూస్తే పిడికెడే. పెరట్లో ఉన్న స్పీడు బండి డబ్బా చూస్తే అంత పొడుగు, మా బండిదీ అలాంటిదే.

"అత్తయ్యా, డబ్బాలో బొగ్గంతా ఈ సంచిలోనే పెట్టారా?"

ఆవిడ పక్కవాటా గోడ వైపు చూసింది.

"మిగిలింది ఏం చేశారు?"

"ఇంకో సంచి కుట్టాను," అంది, ఏదో నూతిలోంచి వచ్చినట్టుంది గొంతు. "దీనికంటే పెద్దది. పక్కవాటా అమ్మాయి గదంతా చెమ్మ అంటూ బాధపడుతుంటే... పసిదాని ఉయ్యాల్లో... పొత్తిళ్ళ కింద..."

ఎవరూ ఎవరినీ పిలవలేదు. అందరం ఒక్కసారే కదిలాం. పెరడు దాటి పక్కవాటా గుమ్మం ముందుకొచ్చి పడ్డాను. తలుపు లోపల గడియ వేసి ఉంది. మా పొగ పడకుండా మూసుకున్న కిటికీ మూసినట్టే ఉంది.

"చెల్లీ! తలుపు తియ్యి చెల్లీ!"

రెండు చేతులతో బాదాను. లోపల ఫ్యాను తిరుగుతున్న చప్పుడు తప్ప పలుకు లేదు. మా ఆయన కిటికీ రెక్క లాగుతున్నాడు, అది ఊడి రావడం లేదు.

"సైలెన్సర్ కోసిన రంపం తెండి!" అని అరిచాను. "కిటికీ కొయ్యండి!"

ఆయన పెరట్లోకి పరుగందుకున్నాడు. నేను తలుపుకి చెవి ఆనించాను. లోపలినుంచి చిన్న దగ్గు ఒకటి వినిపించింది. ఆ వెనకే, ఊపిరి అందక సాగే ఆ కూత. అది నాకు బాగా తెలుసు. రాత్రుళ్ళు మేలుకుని విన్నదే.

మళ్ళీ వినిపిస్తుందని చెవి అదిమిపెట్టి నిలబడ్డాను. వినిపించలేదు.